గోడకు అడుగు దూరంలో ఒక జాలీ



ఈరోజు ఇంటి గురించి మాట్లాడుకుందాం. ఇంట్లో కూడా ఒక్క గోడ గురించే. పడమటి గోడ.

యాదగిరిగుట్ట, ఆలేరు, రాజాపేట, తుర్కపల్లి, భువనగిరి. మన దిక్కు ఎండ సంగతి మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. నేలంతా రాయి. చుట్టూ బోడగుట్టలు. మే నెలలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. పొద్దుగూకినా రాయి చల్లారదు. మన గోడ కూడా చల్లారదు.

2022 మార్చి 28న యాదగిరిగుట్ట మీద కొత్త గుడి తలుపులు తెరుచుకున్నాయి. నల్లరాతితో, కృష్ణశిలతో కట్టిన గుడి అది. గుడికి జనం పెరిగారు. జనంతో పాటు గుట్ట కింద లాడ్జీలు, సత్రాలు, అద్దె గదులు పెరిగాయి. కొత్త ఇళ్ళూ లేచాయి. పాత ఇళ్ళకు మందపు మట్టిగోడలు, చిన్న కిటికీలు ఉండేవి. కొత్తవాటికి సన్నని ఇటుక గోడలు, పెద్ద పెద్ద గాజు కిటికీలు. గాజు చూడ్డానికి బాగుంటుంది. కానీ పడమటి వైపు గాజు పెట్టిన గదిలో సాయంత్రం నాలుగింటికి కూర్చుని చూడండి. ఏసీ మోగుతూనే ఉంటుంది. గది మాత్రం చల్లబడదు.

ఇల్లు కట్టుకునేవాళ్ళు వాస్తు చూపించుకుంటారు. యజమాని పడకగది నైరుతిలో ఉండాలంటారు. నైరుతి అంటే దక్షిణం, పడమర కలిసే మూల. మధ్యాహ్నం రెండు గంటల నుంచి పొద్దు వాలేదాకా ఎండ దంచికొట్టే మూల కూడా అదే. ఇటుక గోడ తాగిన వేడిని వెంటనే లోపలికి ఇవ్వదు. తొమ్మిదంగుళాల గోడయితే కొన్ని గంటలు దాచిపెట్టుకుంటుంది. సరిగ్గా మీరు పక్క వేసుకునే వేళకు వదలడం మొదలుపెడుతుంది. ఇంట్లో అందరికంటే పెద్దాయన గదే అందరి గదులకంటే ఉక్కపోస్తుంది. వాస్తును తప్పు పట్టడం నా ఉద్దేశం కాదు. గది అక్కడే ఉండనివ్వండి. ఆ గోడ మీద ఎండ పడకుండా చూసుకుంటే చాలు.

ఈరోజు నేను చెప్పదలచుకున్న మాట ఇదొక్కటే. ఎండను గోడ మీద పడకముందే ఆపాలి. లోపలికి వచ్చాక కాదు. గోడ బయటే ఆపాలి.

మనం సాధారణంగా ఏం చేస్తాం? లోపల పరదా వేస్తాం. మందపాటి పరదా. వెలుగు తగ్గుతుంది కాబట్టి వేడి తగ్గిందనుకుంటాం. కానీ ఎండ అప్పటికే గాజు దాటి లోపలికి వచ్చేసింది. పరదాకు తగిలింది. పరదా వేడెక్కింది. గాజు ఎండను లోపలికి రానిస్తుంది గానీ, వేడెక్కిన పరదా సెగను అంత సులువుగా బయటికి పోనివ్వదు. ఆ సెగ గదిలోనే తిరుగుతుంది.

ఎండలో గొడుగు ఎట్లా పడతాం? తలకు పైన, కాస్త ఎడంగా పడతాం. గొడుగు బట్ట వేడెక్కినా మధ్యలో గాలి ఆడుతుంది కాబట్టి తలకు తెలియదు. పడమటి గోడకు కూడా అట్లాంటి గొడుగే కావాలి. కాకపోతే నిలువు గొడుగు.

నిలువుది ఎందుకు? కిటికీ మీద సజ్జ ఉంది కదా అని మీరడగొచ్చు. సజ్జ మంచిదే. కానీ నెత్తిమీది ఎండకే మంచిది. పక్క నుంచి వచ్చే ఎండకు అది చాలదు. ఒక చిన్న లెక్క చెప్తాను, వినండి. మే నెలలో సాయంత్రం అయిదింటికి మన ప్రాంతంలో సూర్యుడు బాగా కిందికి దిగి ఉంటాడు. ఆ వేళకు రెండడుగుల సజ్జ నీడ కిటికీ మీద సుమారు పది అంగుళాలే పడుతుంది. కిటికీ నాలుగడుగుల ఎత్తు అనుకోండి. పైన పది అంగుళాలు నీడ. కింద మూడడుగుల పైచిలుకు ఎండ. అంటే సజ్జ ఉన్నా ముప్పాతిక కిటికీ ఎండలోనే ఉంది.

ఇంకో సంగతి. మే నెల రెండో వారం దగ్గర ఒకరోజు, మధ్యాహ్నం పన్నెండు దాటిన కాసేపటికి, నిటారుగా పాతిన కర్రకు నీడే ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ తరవాత ఆగస్టు మొదటి వారం దాకా మధ్యాహ్నపు సూర్యుడు మనకు కాస్త ఉత్తరం వైపే ఉంటాడు. అందుకే నడి ఎండాకాలంలో దక్షిణం గోడకు మధ్యాహ్నం పెద్ద ఇబ్బంది ఉండదు. దెబ్బంతా సాయంత్రం పడమటి గోడకే. కాబట్టి ఖర్చు పెట్టదలచుకుంటే ముందు పడమటి గోడకు పెట్టండి. ఇంటి చుట్టూ ఆ నిలువు గొడుగు కట్టాల్సిన పని లేదు.

మన పెద్దవాళ్ళకు ఈ సంగతి తెలుసు. వాకిట్లో ఎండ వచ్చే వైపు తడక కట్టేవాళ్ళు. వెదురు తడకో, కందికట్టె తడకో ఉండేది. కలిగినవాళ్ళ ఇళ్ళలో వట్టివేళ్ళ తడకలు కట్టి నీళ్ళు చల్లేవాళ్ళు. తడక ఎండను ఆపుతుంది. గాలిని వదులుతుంది. వాకిట్లో కూర్చున్న ఆడవాళ్ళకు బజారు కనిపిస్తుంది. బజారున పోయేవాళ్ళకు వాళ్ళు కనిపించరు. ఇప్పుడు మూడంతస్తుల ఇంటికి తడక కట్టలేం. ఏటేటా మార్చలేం. ఆ పనిని ఇప్పుడు లోహపు జాలీ చేస్తుంది.

జాలీ అంటే వెల్డింగ్ షాపులో రెండు రకాలు చూపిస్తారు. ఒకటి చిల్లుల రేకు. సాపు రేకుకు మిషను మీద వరసగా రంధ్రాలు కొడతారు. గుండ్రటివి, చదరపువి, పూల ఆకారంలోవి, ఏవైనా కొట్టొచ్చు. రెండోది సాగదీసిన జాలీ. రేకుకు వరస తప్పించి గాట్లు పెడతారు. రెండు వైపులా పట్టి లాగుతారు. గాట్లు విచ్చుకుని డైమండ్ గళ్ళు అవుతాయి. ఇందులో రేకు ముక్క వృథా కాదు. ఇంగ్లండులో జాన్ ఫ్రెంచ్ గోల్డింగ్ అనే ఆయన 1880ల్లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇవాళ మన ఊళ్ళో గేట్లకూ, కిటికీలకూ వేస్తున్నది ఆ జాలీయే.

సాగదీసిన జాలీలో ఒక కిటుకు ఉంది. దాని మీద వేలితో పైనుంచి కిందికి రాయండి. తరవాత కింది నుంచి పైకి రాయండి. ఒక వైపు వేలు జారిపోతుంది, ఇంకో వైపు గరగరమని తగులుతుంది. ఎందుకంటే దాని గళ్ళ అంచులు చదునుగా ఉండవు, ఏటవాలుగా ఉంటాయి. ఆ వాలు బయటి వైపు కిందికి ఉండేట్టు బిగిస్తే ఎండ లోపలికి దూరదు. లోపలి నుంచి చూస్తే కింద వాకిలి, దారి కనిపిస్తాయి. తలకిందులుగా బిగిస్తే ఎండ నేరుగా లోపలికి దిగుతుంది. రేకు అదే, ఖర్చు అదే. ఒక్క తిప్పుడులో సగం లాభం పోతుంది. బిగించే ముందు రెండు వైపులా ఎండకు పట్టి చూడండి.

ఇక ఎంత ఎండ ఆగుతుందో ఎట్లా తెలుస్తుంది? రేకులో ఖాళీ ఎంతో చూడాలి. అయిదు మిల్లీమీటర్ల గుండ్రటి చిల్లులు. ఒక చిల్లు నడిమి నుంచి పక్క చిల్లు నడిమికి ఎనిమిది మిల్లీమీటర్లు. వరసలు ఎడాపెడాగా ఉన్నాయి. అట్లాంటి రేకులో వందకు ముప్పై అయిదు వంతులు ఖాళీ. అంటే ఎండ ఎదురుగా కొట్టినా వందలో అరవై అయిదు పాళ్ళు రేకు మీదే ఆగిపోతుంది. ఏటవాలుగా వచ్చే ఎండ ఇంకా ఎక్కువ ఆగుతుంది. గాలీ వెలుగూ మాత్రం ఆ ఖాళీలోంచి వస్తూనే ఉంటాయి.

ఈ పని ఇప్పటికే చేసి చూపించిన భవనాలు మనకు దగ్గర్లోనే ఉన్నాయి. హైదరాబాదులో కేఎంసీ అనే నిర్మాణ సంస్థ ఆఫీసు ఉంది. 2012లో పూర్తయింది. రాహుల్ మెహ్రోత్రా అనే వాస్తుశిల్పి బృందం గీసిన భవనం. లోపలి గోడ మామూలు కాంక్రీటు, మామూలు కిటికీలు. దాని బయట, కాస్త ఎడంగా, అల్యూమినియం పోతపోసిన జాలీ. ఆ జాలీకి తొట్లు అమర్చి మొక్కలు పెంచుతున్నారు. డ్రిప్పుతో నీళ్ళు ఇస్తారు. సన్నగా తుంపర చల్లే ఏర్పాటు కూడా ఉంది. రెండు గోడల మధ్య ప్రతి అంతస్తులోనూ నడిచే దారి ఉంది. తోటమాలి ఆ దారిలో తిరుగుతూ మొక్కలు చూసుకుంటాడు. లోపల కంప్యూటరు ముందు కూర్చున్న ఉద్యోగికి కిటికీ అవతల తోటమాలి కనిపిస్తాడు. మొక్కలు ఎండను తాగుతాయి, దుమ్మును పట్టేస్తాయి. గోడకు చేరే వేడి తగ్గుతుంది.

హుస్సేన్ సాగర్ దగ్గర పార్క్ హోటల్ ఉంది. దాని ముఖానికి చిల్లులు కొట్టిన, ఉబ్బెత్తు నగిషీ పెట్టిన లోహపు రేకులు తొడిగారు. నిజాం నగల పనితనాన్ని చూసి ఆ నమూనా తీసుకున్నారు. ఎండ తగ్గుతుంది. గదిలో దిగినవాళ్ళకు మరుగూ దొరుకుతుంది. హైదరాబాదులోనే సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్ 2004లో ప్రారంభమైంది. అక్కడ లోహపు రేకుల బదులు గోడలనే జాలీలా కట్టారు. పాతబస్తీ వైపు పోతే పైగా సమాధులున్నాయి. అక్కడ సున్నపు పనిలో, రాతిలో చెక్కిన జాలీలు చూస్తే ఈ విద్య మన నేలలో ఎంత పాతదో తెలుస్తుంది.

విదేశాల మాట కూడా ఒక్కటి చెప్తాను. పారిస్ లో 1987లో అరబ్ ప్రపంచ సంస్థ అనే భవనం కట్టారు. దక్షిణం గోడ నిండా లోహపు కళ్ళు. కెమెరా కన్నులా ఎండను బట్టి అవే మూసుకుంటాయి, అవే తెరుచుకుంటాయి. లోకమంతా మెచ్చుకుంది. కానీ కొన్నేళ్ళకు ఆ యంత్రాలు మొరాయించాయి. మన దుమ్ములో మనకు అవన్నీ వద్దు. కదలని జాలీ చాలు. చెడిపోవడానికి అందులో ఏమీ ఉండదు.

ఇక మరుగు సంగతి. జాలీ వేస్తే బయటివాళ్ళకు ఇల్లు కనిపించదా? పగలు కనిపించదు. రాత్రి కనిపిస్తుంది. మళ్ళీ చెప్తున్నాను. పగలు కనిపించదు, రాత్రి కనిపిస్తుంది. కన్ను ఎప్పుడూ వెలుగున్న వైపే చూస్తుంది. పగలు బయట వెలుగు, లోపల చీకటి. కాబట్టి రోడ్డు మీద నుంచి చూసేవాళ్ళకు రేకే కనిపిస్తుంది. లోపలున్నవాళ్ళకు రోడ్డు కనిపిస్తుంది. రాత్రి దీపం వెలిగించగానే ఇదంతా తిరగబడుతుంది. గదిలో మీరున్నారు, అవతల చీకట్లో ఎవరున్నారో మీకు తెలియదు. అందుకే రాత్రికి లోపల పరదా ఉండాల్సిందే. లాడ్జీలు నడిపేవాళ్ళు ఇది గట్టిగా గుర్తుపెట్టుకోవాలి. జాలీ వేశాం కదా అని పరదాలు తీసేయొద్దు.

రంగు కూడా ఈ లెక్కలోకే వస్తుంది. బయటి ముఖానికి లేత రంగు వేయించండి. ఎండను తిప్పికొడుతుంది. మెరుపుకు బయటివాళ్ళ చూపు రేకు మీదే ఆగుతుంది. లోపలి ముఖానికి ముదురు రంగు వేయించండి. లోపలి నుంచి చూసేటప్పుడు కళ్ళకు రేకు అడ్డం రాదు. బయటి దృశ్యం తేటగా కనిపిస్తుంది.

ఇప్పుడు బిగించే పని. ఇక్కడే చాలామంది తొందరపడతారు.

మొదట, రేకును గోడకు అంటించకూడదు. ఎండకు రేకు కాలిపోతుంది. గోడకు ఆనుకుంటే ఆ వేడంతా గోడలోకే దిగుతుంది. కనీసం అడుగు ఎడం వదలండి. అడుగున్నర అయితే ఇంకా మంచిది. లోపలికి మనిషి దూరి కడగాలంటే రెండడుగులు కావాలి. ఆ సందు పైనా కిందా తెరిచే ఉండాలి. వేడెక్కిన గాలి పైనుంచి పోతుంది, కింది నుంచి చల్లగాలి వస్తుంది. అందం కోసం పైనా కిందా రేకుతో మూసేస్తే ఆ సందు కొలిమి అవుతుంది. పావురాలు గూళ్ళు పెడతాయనుకుంటే సన్నని కోళ్ళ జాలీ కట్టండి. గాలి ఆడుతుంది, పావురం దూరదు.

రెండో సంగతి, బరువు. ఎనిమిది బై నాలుగు అడుగుల చిల్లుల రేకు, రెండు మిల్లీమీటర్ల మందం, ఇందాక చెప్పినంత ఖాళీ. అల్యూమినియం అయితే పది కిలోలకు కాస్త పైన. ఇనుము అయితే ముప్పై కిలోలు. మూడింతలు తేడా. దేనికైనా పట్టు మాత్రం గట్టిగా ఉండాలి. యాంకర్ బోల్టులు బీములోకో, స్లాబులోకో, పిల్లరులోకో దిగాలి. ఉత్త ఇటుకలో, ప్లాస్టరింగులో దిగితే లాభం లేదు. మే నెల సాయంత్రాలు మన దగ్గర గాలిదుమారం ఎట్లా లేస్తుందో మీకు తెలుసు. నూరు కిలోల ఫ్రేము ఊడి కింద నిలబడ్డవాళ్ళ మీద పడకూడదు.

మూడో సంగతి, రేకు సాగుతుంది. తెల్లవారుజాము చల్లదనానికీ, సాయంత్రం ఎండకూ రేకు వేడిలో నలభై డిగ్రీల తేడా రావచ్చు. మూడు మీటర్ల అల్యూమినియం రేకు అప్పుడు దాదాపు మూడు మిల్లీమీటర్లు సాగుతుంది. బోల్టు రంధ్రం గుండ్రంగా, బిగుతుగా ఉంటే ఆ మూడు మిల్లీమీటర్లకు చోటుండదు. రేకు ఉబ్బుతుంది. సాయంత్రం చల్లబడేటప్పుడు టకటకమని చప్పుడు చేస్తుంది. అందుకే బోల్టు రంధ్రాలు కోలగా కొట్టమనండి. అల్యూమినియానికీ ఇనుప ఫ్రేముకూ మధ్య రబ్బరు వాషరు వేయించండి. రెండు లోహాలు నేరుగా తగిలితే వానాకాలంలో తడి అల్యూమినియాన్ని తినేస్తుంది. ఇనుప జాలీయే వేయించుకుంటే, కటింగులు, వెల్డింగులు అన్నీ అయిపోయాక జింకు పూత పూయించడం మేలు. ముందే పూత ఉన్న రేకును కోస్తే, కోసిన అంచు నుంచే తుప్పు మొదలవుతుంది.

గుట్ట దగ్గర ఉండేవాళ్ళకు ఇంకో మాట. కోతులు. మన దగ్గర బాల్కనీకి జాలీ వేయించేవాళ్ళలో ఎండ కోసం వేయించేవాళ్ళకంటే కోతుల కోసం వేయించేవాళ్ళే ఎక్కువ కావచ్చు. కోతిని ఆపడానికి జాలీ పనికొస్తుంది. కానీ పెద్ద గళ్ళ జాలీ కోతికి నిచ్చెన. గడిలో వేళ్ళు దూర్చి, కాలు మోపి, చకచకా మూడో అంతస్తుకు ఎక్కుతుంది. కోతి ఎక్కగలిగితే దొంగ కూడా ఎక్కగలడు. అందుకే వేలు దూరనంత సన్నని చిల్లులు ఎంచుకోండి. కింది అంతస్తులో అయితే సాఫీగా ఉండే చిల్లుల రేకే మంచిది.

అన్నిటికంటే ముఖ్యమైన జాగ్రత్త ఒకటుంది. దయచేసి శ్రద్ధగా వినండి. కిటికీలను, బాల్కనీలను జాలీతో పూర్తిగా బంధించొద్దు. నిప్పు అంటుకుంటే మనిషి బయటపడే దారి అదే. అగ్నిమాపక సిబ్బంది లోపలికి వచ్చే దారీ అదే. ప్రతి అంతస్తులో ఒక పలకకైనా కబ్జాలు పెట్టించండి. తలుపులా తెరుచుకోవాలి. గడియ లోపలి నుంచి, తాళం చెవి లేకుండా, చీకట్లో కూడా చేతికి అందేట్టు ఉండాలి. ఇంటికి ఇది మంచిది. ఊరు తెలియని భక్తులు రాత్రి నిద్ర చేసే లాడ్జీకి ఇది తప్పనిసరి.

లోహం మీద మొక్కలు పెంచాలని ఉందా? హైదరాబాదు ఆఫీసులో చేసినట్టు చిన్నగా ఇంట్లోనూ చేయొచ్చు. రాధామనోహరం, కాగితం పూల తీగ మన ఎండకు తట్టుకుంటాయి. వంటింటికి పనికొచ్చేది కావాలంటే దొండ తీగ ఉంది. కానీ నడి ఎండలో ఇనుము కాలితే లేత చిగుళ్ళు మాడుతాయి. కాబట్టి తీగను మే నెలలో ఎక్కించకండి. తొలకరికి నాటండి. వచ్చే ఎండాకాలానికి ఆకులే జాలీకి నీడ అవుతాయి. నీళ్ళు తక్కువున్న ఊళ్ళలో డ్రిప్పు గొట్టం పెడితే బిందెడు నీళ్ళతో సరిపెట్టుకోవచ్చు.

చివరిగా, డబ్బు పెట్టే ముందు చేయాల్సిన పరీక్ష ఒకటి చెప్తాను. వెల్డింగ్ షాపులో రెండడుగుల ముక్క అడగండి. ఇస్తారు. సాయంత్రం నాలుగున్నరకు ఆ ముక్కను పడమటి గోడకు అడుగు దూరంలో నిలబెట్టండి. ఒక అరగంట ఆగండి. నీడ పడ్డ చోట ఒక చెయ్యి, ఎండ పడ్డ చోట ఒక చెయ్యి పెట్టి చూడండి. తేడా మీ చేతికే తెలుస్తుంది. తరవాత లోపలికి పోయి కిటికీలోంచి చూడండి. రోడ్డు కనిపిస్తోందా? ఇంట్లో ఎవరినైనా రోడ్డు మీద నిలబెట్టి, మీరు కనిపిస్తున్నారేమో అడగండి. రాత్రి లైటు వేసి మళ్ళీ అడగండి. ఆ ముక్క నచ్చితే ఆ రేకు. నచ్చకపోతే ఇంకో చిల్లుల రేకు. మేస్త్రీ మాటా వినండి. కానీ ఆఖరి మాట మీ గోడనే చెప్పనివ్వండి.

మొదట ఒక్క కిటికీకి వేయించండి. యజమాని పడకగదికే వేయించండి. ఒక ఎండాకాలం గడవనివ్వండి. గది ఎంత చల్లబడిందో, ఏసీ ఎంతసేపు నడిచిందో, కరెంటు బిల్లు ఎంత వచ్చిందో మీరే చూసుకోండి. బాగుందనిపిస్తే మిగతా పడమటి గోడ సంగతి అప్పుడు ఆలోచించుకోవచ్చు.

ఇంతసేపు విన్నదంతా గుర్తుండకపోయినా ఫర్వాలేదు. మూడు మాటలు గుర్తుపెట్టుకోండి. ఎండను గోడ బయటే ఆపాలి. గోడకూ జాలీకీ మధ్య గాలి ఆడాలి. ఆపదలో తెరుచుకునే పలక ఒకటి ఉండాలి.